సాంసన్ వదిలిన మట్టిదిమ్మె

సాంసన్ పొద్దున లేవగానే వాకిట్లోకి వచ్చి, ముఖం కడగకముందే ఆకాశాన్ని చూస్తాడు. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా, తాపీగా. పాస్టరుగారు దాన్ని ప్రార్థన అనుకుని ఒక ఆదివారం చర్చిలో అందరి ముందూ మెచ్చుకున్నారు. ఎదురింటి రైతు వాన కోసం అనుకున్నాడు. భార్య బుజ్జమ్మకు మాత్రం సంగతి తెలుసు. "ఏం లేదు గదా? ఇగ రా, చాయ్ తాగు," అంటుంది. వరికి మందు కొట్టే డ్రోను మోత వినబడిన రోజు ఆ చాయ్‌ని మంచం కిందికి అందించాలి.

ధరూర్ పక్క ఊరి సాంసన్‌కు మీసాలు రాకముందే చేతికి పార వచ్చింది. బొంబాయిలో కేబుల్ గుంతలు, పుణెలో పునాదులు, ఇంకెక్కడో కాలువలు. ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. గుంత తవ్వేటప్పుడు నడుమ ఒక మట్టిదిమ్మెను ముట్టుకోకుండా వదిలేస్తారు. దాని నెత్తి పాత నేలమట్టం. మేస్త్రీ వచ్చి అక్కడి నుంచి కిందికి టేపు పెట్టి లోతు కొలుస్తాడు. కొలిచాకే దిమ్మెను తీయాలి. ముందే తీసేస్తే ఎంత తవ్వావో చెప్పడానికి నీ నోరు తప్ప వేరే సాక్ష్యం ఉండదు. కూలివాడి నోటిని నమ్మిన మేస్త్రీ ఇంకా పుట్టలేదు.

మూడేళ్ల కిందట విజయ్ అనే ఏజెంటు గద్వాలలో ఒక గది తీసుకుని, ఏదో చలిదేశంలో వంటశాల పని ఉందన్నాడు. ఆ దేశం పేరు రాయవద్దని సాంసన్ బతిమాలాడు. మళ్లీ పిలుస్తారేమోనని ఆయన భయం.

"యుద్ధం నడుస్తుందంట గదా గాడ?" అని బుజ్జమ్మ అడిగింది.

"యుద్ధం యాడనో బార్డర్ల నడుస్తది అక్కా. అన్న ఉల్లిగడ్డలు కోస్తుంటడు. ఉల్లిగడ్డల మీద ఎవడన్న బాంబులేస్తడా?"

విజయ్ అబద్ధమేమీ ఆడలేదు. మొదటి వారం సాంసన్ నిజంగానే ఉల్లిగడ్డలు కోశాడు. తర్వాత వంటశాలను ఉన్నచోటే ఉంచి, సాంసన్‌ను మాత్రం బార్డరుకు మార్చారు. చేతికి పార ఇచ్చారు.

కొట్టుకుంటున్నవి నిన్నమొన్నటి దాకా ఒకే జెండా కింద బతికిన రెండు దేశాలు. అన్న ఇటు, తమ్ముడు అటు ఉన్న కుటుంబాలు కూడా ఉన్నాయట. న్యాయం ఎవరిదో సాంసన్‌కు తెలియలేదు. ధరూర్ చాయ్ హోటల్లో మాత్రం అందరికీ తెలుసు. అక్కడ రెండు పార్టీలు రోజూ ఫోన్లు పట్టుకుని పోరాడి, చాయ్ చల్లారేలోగా పట్నాలకు పట్నాలు గెలుచుకునేవి.

ఆ రోజు సాంసన్ ఒక పొలంలో పొడవాటి కందకం తవ్వుతున్నాడు. తోడు నేపాల్ నుంచి వచ్చిన ఒకతను. ఇద్దరికీ హిందీ వచ్చు, అతనికి అక్కడి భాష కూడా కొంచెం వచ్చు. తల దించుకుని తవ్విన సాంసన్ ఛాతీలోతు దిగాక చూస్తే, కందకం నడుమ దిమ్మె నిలబడి ఉంది. అలవాటుకొద్దీ వదిలేశాడు. పక్కన మనిషి ఒత్తిగిలి దూరేంత సందు మాత్రమే మిగిలింది.

ఆఫీసరు వచ్చి అరిచాడు.

"తీసెయ్యమంటుండు," అన్నాడు నేపాలతను.

"కొలువమను. కొలిస్తే ఇప్పుడే తీస్త."

"గీడ ఎవడు కొలుస్తడు భాయ్?"

"ఎవడో ఒకడు కొలువాలె గదా! మేస్త్రీ లేని పని యాడుంటది?"

ఆఫీసరు కందకంలోకి దూకి సాంసన్ ఛాతీకి తుపాకీ ఆనించాడు. సాంసన్ ఎన్నో రకాల మేస్త్రీలను చూశాడు గానీ, ఇలాంటివాణ్ని చూడటం అదే మొదలు.

"తీసెయ్ భాయ్. ఇంటికాడ పెండ్లాం ఉందన్నవ్ గదా," అని నేపాలతను ఏడుపు గొంతుతో అన్నాడు.

సాంసన్ పార ఎత్తాడు. అప్పుడే నెత్తి మీద తేనెటీగ లాంటి డ్రోను మోత. ముగ్గురూ ఉన్నచోటే బోర్లా పడ్డారు. బాంబు దిమ్మెకు అవతలి సగంలో పడింది.

కళ్లు తెరిచేసరికి అవతలి కందకం పూడిపోయి ఉంది. దిమ్మె సగమే మిగిలింది. ఇప్పటిదాకా తీసెయ్యమని అరిచిన ఆ దిమ్మెనే ఆఫీసరు రెండు చేతులా కావలించుకుని పడి ఉన్నాడు.

"మరి కొలిచిండా?" అని బుజ్జమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

"యాడ కొలిచిండు? ఇగ నుంచి రెండు దిమ్మెలు ఇడువమన్నడు."

సాంసన్ ఎడమ చెవిలోంచి రక్తం కారింది. బాంబు వచ్చే చప్పుడు సరిగా వినలేనివాడు యుద్ధానికి పనికిరాడని అక్కడి డాక్టర్లు తేల్చారు. బాంబు పేలిన చప్పుడు వినడం వల్లే చెవి పోయిందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయనను ఇంటికి పంపేశారు. నేపాలతనికి చెవులు బాగానే ఉన్నాయి కాబట్టి అక్కడే ఉంచుకున్నారు.

చాయ్ హోటల్లో సాంసన్‌కు కుర్చీ వేశారు. "ఎవడు గెలుస్తుండు సాంసన్?"

"నాకేం తెల్సు అన్నా? నేను గుంతల ఉంటి."

రెండు పార్టీలూ మొదటిసారి ఒక్కమాట మీదికొచ్చాయి. "వీడు యుద్ధానికి పోలే. బొంబాయికి పోయొచ్చి కతలు చెప్తుండు."

ఇప్పుడు సాంసన్, బుజ్జమ్మ ఆత్మకూరు దారిలో నీళ్ల పైపుల కోసం గుంతలు తవ్వుతున్నారు. ఎడమ చెవి వినబడదు కాబట్టి, ఆమె ఆయనకు కుడిపక్కన ఉండి తవ్వుతుంది.