మనవరాలి ఆకలి

మొన్న మా పేటలో ఒక బారసాలకు వెళితే, పసిబిడ్డ చేతికి ఆరో వేలు చూసి ఆడవాళ్ళంతా అదృష్టమని మురిసిపోతున్నారు. ఆరో వేలున్న బిడ్డలందరికీ కీడు జరగదని నాకూ తెలుసు. అయినా అక్షింతలు వేసి, భోజనానికి ఆగకుండా వచ్చేశాను.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, భోగాపురం పక్కన సముద్రం మీద బతికే మా ఇళ్ళలో మేనరికమంటే రెండో ఆలోచన ఉండేది కాదు. నేనే ఎత్తుకుని పెంచిన తమ్ముడికి నా ఒక్కగానొక్క కూతుర్ని ఇస్తానని, ఇసుకలో చేపలు ఎండబెట్టుకుంటూనే మాట ఇచ్చేశాను. రెండువేల పది దాటాక మనవరాలు పుట్టింది, రెండు చేతులకూ రెండు కాళ్ళకూ ఆరేసి వేళ్ళతో. లక్ష్మీదేవి వచ్చిందని పేటంతా పంచదార పంచాను.

పిల్లకు నడకా మాటా ఆలస్యమయ్యాయి కానీ ఒళ్ళు మాత్రం ఆగకుండా పెరిగింది. ఎంత పెట్టినా ఇంకా కావాలని ఏడ్చేది. తిండిపోతని పేరు పెట్టిందీ, అన్నం కుండ అందకుండా ఉట్టి మీదకు ఎక్కించిందీ, చాచిన చేతి మీద కొట్టిందీ నేనే. ఆరేళ్ళప్పుడు ఒక సాయంత్రం, ఇంట్లో బల్బు వెలుగుతుండగానే గోడ తడుముకుంటూ వచ్చి, "లైటెయ్యవేటి అమ్మమ్మా? నాకేటీ అవుపడ్డం లేదు" అంది.

విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ రక్తం పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. వేళ్ళూ ఒళ్ళూ చూపూ బుద్ధీ, అన్నీ ఒకే జబ్బట. తల్లిలోనూ తండ్రిలోనూ ఒకే లోపం వాళ్ళకు హాని చేయకుండా దాగి ఉందనీ, ఒకే ఇంటి రక్తం కనుక ఇద్దరికీ వచ్చిందనీ, అది రెండువైపుల నుంచీ బిడ్డకు చేరితే ఇలా అవుతుందనీ, ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ఈ భయం ఉంటుందనీ చెప్పింది. మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్నాయి. ఆ ఆకలి కూడా జబ్బేననీ, పిల్ల చేతిలో లేదనీ అన్నప్పుడు నేను తలెత్తలేకపోయాను.

తిరుగు బస్సులో తమ్ముడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నా కూతురు ఒక్కమాటే అంది: "నానొద్దనే సెప్పాను కదమ్మా. నువ్వే ఇన్లేదు." తరవాత రెండో కాన్పు మాటెత్తకుండా వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది.

తొమ్మిదో ఏడు వచ్చేసరికి పిల్లకు చూపు పూర్తిగా పోయింది. డయాలసిస్‌కు తిప్పుతుండగా ఆకలీ చచ్చింది. నేను ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే, "వొద్దమ్మమ్మా, నువ్వు తిడతావు" అని మొహం తిప్పేసుకునేది. ఆ ఏడే పోయింది.

ఒకప్పుడు అక్కాతమ్ముళ్ళ మధ్య ఒక్క మాటతో తేలిపోయిన సంబంధాలు ఇప్పుడు రక్త పరీక్షల దాకా వెళుతున్నాయి, మంచిదే. పేటలో మేనరికమని వినబడితే ఎవరూ పిలవకపోయినా నా కూతురు వెళ్ళి కూర్చుని, జరిగినదంతా చెప్పి వస్తుంది. నీ పెళ్ళి ఎవరు కుదిర్చారని వాళ్ళు అడగకుండా ఉండరు కదా. దానికేం జవాబు చెబుతుందో, నేను ఇంతవరకూ అడగలేదు.