కదిరమ్మ చూడని గ్రహణం

రాహువు పొద్దును సగం మింగి, విడవకుండానే కొండ వెనక్కి లాక్కుపోయాడని తొంభై తొమ్మిది ఆగస్టులో కుందుర్పి చుట్టుపక్కల జనమంతా చెప్పుకున్నారు. కదిరమ్మ మాత్రం చూడలేదు. ఆమెకు మూడో నెల. అత్త ఓబులమ్మ కిటికీకి గోనెసంచి కట్టి, కోడలిని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు మూసి వీధిలోకి పోయింది. కాలు ముడవకూడదు, గోరు గిల్లకూడదు. చీమ కుట్టినా కదిరమ్మ కదల్లేదు. గ్రహణం విడవకుండానే పొద్దు మునిగింది కాబట్టి, మళ్లీ పొద్దు పొడిచేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అంత నిష్ఠ ఆ ఊరి పూజారికి కూడా ఉండదు.

అయినా శివరాత్రి ముందర పుట్టిన ఆడపిల్లకు పైపెదవి చీలి ఉంది. గ్రహణం మొర్రి.

"బయటికొచ్చినావా? ఏమన్నా తరిగినావా? నిజం చెప్పు!" అని అత్త నిలదీసింది.

"లేదత్తా, నువ్వు పండబెట్టినట్లే పండుకున్నా."

తల్లి తప్పు లేకుంటే పాపం బిడ్డదేనని, పోయిన జన్మలో ఎవరి గొంతు కోసిందోనని ఇరుగుపొరుగు తేల్చేశారు. నోటికి హద్దుండొద్దా! పాలు చీకలేక గుక్కపట్టే పసిగుడ్డు మీదా ఆ మాట? మొగుడు నాగప్ప బిడ్డను ఎత్తుకోవడమే మానేశాడు. దూదితో చుక్క చుక్క పాలు పిండి బతికిస్తున్న కదిరమ్మకు అది భరించరానిదైంది. ఒకరోజు అందరూ వినేటట్లు అనేసింది.

"బయటికొచ్చినా. పొద్దును చూసినా. దోసకాయ గూడా కోసినా. తప్పంతా నాదే."

నాగప్ప ఆమెను కొట్టాడు. ఆ సాయంత్రమే బిడ్డను ఎత్తుకున్నాడు. "నా బంగారూ, నీకేం తెలుసే పాపం" అంటూ ఓబులమ్మ కూడా ఒళ్లోకి తీసుకుంది. వాచిన చెంప నిమురుకుంటూ కదిరమ్మ పొయ్యి దగ్గర నవ్వుకుంది. పిచ్చి తల్లి, అంతటితో తీరిపోయిందనుకుంది.

ఆ బిడ్డే హేమలత. బెంగళూరులో పెదవికి కుట్లు వేయించినా మాట ముక్కులోంచే వచ్చేది. బడిలో పిల్లలు వెక్కిరించినప్పుడల్లా ఇంటికొచ్చి తల్లి ముఖంలోకి చూసేది.

రెండువేల ఎనిమిది ఆగస్టులో మళ్లీ సాయంత్రం గ్రహణం పట్టింది. ఈసారి చాప మీద పడుకున్నది నాగప్ప తమ్ముడి పెళ్లాం లక్ష్మీదేవి. తలుపు సందులోంచి ఆమెను చూసొచ్చి హేమలత తల్లి ముందర నిలబడింది.

"చిన్నమ్మ ఎట్ల పండుకోనుండాదో చూడు. నా కోసరం అంతసేపు నువ్వు పండుకోలేకపోయినావా మా?"

కదిరమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది.

"పండుకున్నా తల్లీ, కదల్లేదు. నిన్ను అందరూ ఎత్తుకోవల్లని అట్ల చెప్పినా."



"ఇప్పుడెందుకు మా, అబద్ధాలు?" అని హేమలత పోయి అవ్వ పక్కన కూచుంది.