ఏడ్పు పాట నేర్చుకుంటున్న పిల్ల

బాల్యవివాహాల మీద మా శాఖ నివేదికల్లో పేదరికం, చదువులేనితనం అని రెండు కారణాలు రాసి ముగిస్తాం. నేను చూసిన మూడో కారణం వాటిలో లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

2011లో, అప్పటికి ఖమ్మం జిల్లాలో ఉన్న గార్లలో నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌ని. తెలంగాణ కోసం అందరం సమ్మెలో ఉన్నాం. రోడ్డు మీద వంట చేసి నిరసన తెలిపే వంటావార్పుకు ఆడవాళ్లను పిలవడానికి టీచర్ రజితతో కలిసి ఒక తండాకు వెళ్లాను. ఓ గుడిసె ముందు మంగ్లి అనే అవ్వ ఒక పిల్లకు ఏడుపు రాగంలో పాట నేర్పుతోంది. ఇంటర్‌తో చదువు ఆగిన నాకు మిగతాదంతా మానుకోట గ్రంథాలయమే నేర్పింది. అక్కడ చదివాను కనుక గుర్తుపట్టాను: అది ఢావ్లో, లంబాడా పెళ్లికూతురు పుట్టిల్లు వదులుతూ పాడే పాట.

పిల్ల పేరు సునీత. తొమ్మిదో తరగతి. సమ్మెతో హాస్టల్ మూతపడి ఇంటికొచ్చింది. ఇంట్లో పెళ్లి చేద్దామనుకుంటున్నారు.

"గీ పిల్లకు ఏడ్పే రాదు మేడం, నడుమల నవ్వుతది" అంది అవ్వ.

సమ్మెలో ఉన్నా, పద్ధతి ప్రకారం మైనర్‌కు పెళ్లి చేయబోమని తల్లిదండ్రుల చేత రాయించుకుని పై అధికారికి పంపాలి. అలా రాసివ్వమని తల్లి కమిలిని అడిగాను.

"బడి బంద్ పెట్టింది మీరే, పెండ్లి ఆపుమనేది మీరే. మేం పత్తి ఏర పోతే ఎదిగిన పిల్లను ఎవలు చూస్తరు? నీ కాయితం కాపలుంటదా?"

సునీత మాత్రం హాస్టల్ ఎప్పుడు తెరుస్తారని రెండుసార్లు అడిగింది.

చివరికి అవ్వే అంది: "మీరొచ్చేదాకా నా గుడిసెల ఉంటది తియ్యే కమిలీ. ఏడ్పు రాని పిల్లకు పెండ్లెట్ల చేస్తవ్?"

కమిలి నవ్వి, కాగితం మీద వేలిముద్ర వేసింది. సమ్మె ముగిశాక సునీత హాస్టల్‌కు వెళ్లిపోయింది.

ఇప్పుడు భూపాలపల్లిలో నర్సు. ఉద్యోగం వచ్చాకే పెళ్లి చేసుకుంది. పెళ్లి రోజున ఢావ్లో రెండు చరణాలు పాడి ఆగిపోయింది. మిగతావి నేర్పడానికి అప్పటికి అవ్వ బతికి లేదు. ఆ పాట చివరిదాకా వినాలని నాకు ఇంకా ఉంది.

పెళ్లి ఆపమని చెప్పే ముందు, ఆ పిల్ల ఎక్కడ ఉంటుందో, ఎవరు తోడుంటారో అడగాలి. నేను నేర్చుకున్నది ఇదే; తోడు లేకపోవడమే ఆ మూడో కారణం.

ఇది రాసేందుకు అనుమతిచ్చిన సునీతకు, కమిలికి, ఆనాడు నాతో తండాకు నడిచిన టీచర్ రజితకు, మానుకోట లైబ్రేరియన్ వెంకటేశంకు, ఇప్పుడు లేని మంగ్లి అవ్వకు కృతజ్ఞతలు.