వెనక సీటు శబ్దం

మా ఆవిడ పోయిన మరుసటి సంవత్సరం, ఇద్దరం ముచ్చటపడిన ఏడు సీట్ల బండిని చూడ్డానికి బళ్లారి కంటోన్మెంట్‌కు వెళ్లాను. కంపెనీ ఆ మోడల్ ఆపేసింది కాబట్టి పాతదే దిక్కు.

మావైపు పాత బండి కొనేవాళ్లు ముందు కాళ్లకింద మ్యాట్లు ఎత్తి చూస్తారు. ఎర్ర దుమ్ము కనిపిస్తే అది గనులకు తిరిగిన బండని వదిలేస్తారు. ఇందులో దుమ్ము లేదు. ఇక వెనక శబ్దం వస్తుందేమో వినాలి. అది నడిపేవాడికి సరిగా తెలీదు, వెనక ఇంకొకరు కూర్చోవాలి. నా వెంట ఎవరూ లేరు. ఏం తోచక, "మీరు కాసేపు వెనక కూర్చుని వింటారా?" అని ఓనర్‌నే అడిగేశాను.

ఆయన పగలబడి నవ్వాడు. "నా బండికి నేనే వంకలు పెట్టాల్నా ఏందప్పా? మీ ఇంట్లోవాళ్లను పిల్చుకొని రాలేదా?"

"ఇంట్లో ఎవరూ లేరప్పా" అన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. వెనకెక్కి కూర్చున్నాడు. గుంతల రోడ్డెక్కగానే, "ఎడమపక్క టకటకమంటాందప్పా, స్వల్ప చూసుకో" అన్నాడు.

బండి కొన్నాను. టకటకమనే ఆ వెనక సీటు బిగిస్తానని మెకానిక్ అంటే వద్దన్నాను. మా ఊరు దోణిమలైకి ఒక్కణ్ణే తిరిగొచ్చేటప్పుడు, ఆ శబ్దం వింటుంటే వెనక ఎవరో కూర్చున్నట్టే ఉంటుంది.