జైలు గోడ పక్కన మేకలు

నా చిన్నప్పుడు కొన్నాళ్లు మా ఇల్లు ఒక అబద్ధం మీద నడిచింది. నాయన కూలి పనికి గుంటూరు పోయినాడని అమ్మ చెప్పేది. నిజానికి ఆయన మా పల్లెకు గంట నడక దూరంలో, మార్కాపురం సబ్‌జైలులో ఉన్నాడు. ఎండాకాలం మేత దొరక్క మేకలను నల్లమలలో మేపకూడదన్న చోటికి తోలాడు. వాటిని పట్టుకోవడానికి వచ్చిన ఫారెస్టు గార్డును తోసేశాడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

అమ్మ నన్ను కాపాడుతున్నాననుకుంది. కానీ నాయన కనబడకుండా పోయిన ముందురోజు నేను పాలముంత ఒలకబోశాను. ఆ కోపంతోనే మమ్మల్ని వదిలేశాడని నాకు నేనే తీర్మానించుకున్నాను. మేకలు ఇల్లు చేరే వేళ దారిలో నిలబడి, ఇంకెప్పుడూ ఒలకబోయను, నాయనను పంపించమని ప్రభువును అడిగేదాన్ని.

పెద్దారవీడు నుంచి వచ్చిన మా అవ్వ, అంటే నాయన తల్లి, ఒక సాయంత్రం ఆ ప్రార్థన విన్నది. ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మతో గొడవా పడలేదు. తెల్లారగానే దొడ్డి తడిక తీసి, నన్ను వెంటబెట్టుకుని మందను మార్కాపురం వైపు తోలింది. నాయన నా మీద అలిగి పోలేదనీ, పట్టుకుపోయారనీ, ఎందుకు పట్టుకుపోయారో కూడా దారిలోనే చెప్పింది.

బజారులో దుకాణం అరుగు మీదివాళ్లు ఎక్కడికని అడిగితే, జైల్లో ఉన్న కొడుకు దగ్గరికని వీధంతా వినబడేలా చెప్పింది. నేను ఆమె కొంగు చాటుకు పోబోతే భుజం పట్టి ముందు నిలబెట్టింది.

ఆ రోజు ఎవరినీ కలవనివ్వరన్నాడు జైలు జవాను. అవ్వ సరేనంది. మందను మాత్రం ఇంటికి మళ్లించలేదు. గోడ వెంబడి కంపచెట్ల కిందికి తోలి, నాయనలా మేకలను పిలవమంది. మా వైపు ప్రతి కాపరికీ ఒక కూత ఉంటుంది. నాయనది నాలుకను అంగిలికి కొట్టి చివర పైకి లేపే కూత. ఆయన వెనక తిరిగి ఆటగా నేర్చుకున్నాను. మొదట జవాను వైపు చూశాను. అవ్వ నా వీపు మీద చెయ్యి వేసింది. పిలిచాను.

గోడ అవతల నుంచి అదే కూత తిరిగి వచ్చింది. చివర అలాగే పైకి లేచింది.

మెడలో గంట ఉన్న ముసలిమేక మేత వదిలి తలెత్తింది. అంతే, మందంతా అరవసాగింది. జవాను పరుగెత్తుకొచ్చాడు.

"ఏందవ్వా ఈ గోల? కలిసేదానికి ఒక దినం ఉందని చెప్తి కదా."

"మేకలకు దినాలు తెలవ్వు నాయనా. వాటికి నువ్వే చెప్పు."

"ఎక్కువ మాట్లాడితే నిన్ను గూడా లోపలేస్తా."

"ఎయ్యి. నా కొడుకు పక్కనే ఎయ్యి. ఇంత సంగటి కెలికి పెట్టుకుంటా వానికి."

జవాను నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకున్నాడు. నాయన విడుదలయ్యే దాకా మా మంద వారం వారం అక్కడే మేసింది. రెండో వారానికి అమ్మ కూడా వచ్చింది. మిషన్ బడిలో మీ నాయన ఏడని ఎగతాళి చేసినవాళ్లకు, జైల్లో ఉన్నాడు, నేను పిలిస్తే పలుకుతాడు అని చెప్పాను. అంతటితో వాళ్లకు ఎగతాళి చేయడానికి ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు మా ఆయన స్వరాజ్యం కావాలని జెండా పట్టుకుని నడిచినందుకు బళ్లారి జైల్లో ఉన్నారు. మద్రాసులో ఉద్యోగమని పిల్లవాడికి చెప్పమని అత్తయ్య పోరు. నాకూ భయమేసి అలాగే చెప్పాను. నిన్న వాడు బొమ్మలన్నీ తనంతట తానే సర్ది మూలన పెట్టి, ఇప్పుడు నాన్న వస్తాడా అని అడిగాడు. ఒలికిన పాలముంత నా కళ్లముందు కదిలింది. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నదంతా చెప్పాను.

రేపు దొనకొండలో రైలెక్కుతున్నాం. అక్కడ గేటు దగ్గర ఏమంటారో, లోపలికి రానిస్తారో లేదో తెలియదు. గోడ ఎంత ఎత్తో కూడా తెలియదు. వాడు మాత్రం ఇందాక నిద్రపోయే దాకా ఆ కూత నేర్చుకుంటూనే ఉన్నాడు. చివర పైకి లేపడం వచ్చేసింది.