షాపంతటికీ బీపీ తెప్పించినవాణ్ణి

క్యాంటీన్లో అందరం కలిసి తినే ఆవకాయను నేనొక్కణ్ణే, నోటి దురుసుతో చంపుకున్నాను. ఎట్లాగో చెబుతాను. మధ్యలో నవ్వితే మాత్రం నాకు కోపమొస్తుంది, ముందే చెబుతున్నా.

డెబ్భైల నాటి సంగతి. లక్డారం నుంచి పటాన్‌చెరు ఫ్యాక్టరీలోని మెషిన్ షాపుకు సైకిలు తొక్కే టెంపరరీ ఫిట్టర్ని నేను. పర్మనెంటు కావాలంటే డాక్టరు సంతకం కావాలి. ఆయన నా చేతికి పట్టీ బిగించి, రబ్బరు బుడ్డి నొక్కి, మొహం చిట్లించాడు.

"నీకు బీపీ ఉందయ్యా. సంతకం పెట్టలేను."

నా ఒళ్లు మండింది. "బీపీ కుర్చీల కూసునే ఆఫీసర్లకొస్తది సారూ. జొన్నరొట్టె తినేటోనికి ఎట్లొస్తది? నీ మిషనే ఖరాబైంది."

"అరవకు, ఇంకా పెరుగుతుంది."

"నేనేడ అరుస్తున్న?" అని అరిచాను.

అక్కడ ఆగితే నేనెందుకవుతాను? వరండాలో మందుల కోసం లైను కట్టిన మావాళ్లను చూపించి సవాలు చేశాను. "గీళ్లందరికీ పెట్టి సూడు. అందరికీ బీపీ అనే అంటది. అప్పుడు తెలుస్తది ఖరాబైంది నేనా, మిషనా అని."

డాక్టరుకూ రోషమొచ్చింది. ముందు మా ఫోర్‌మన్ చెయ్యి చాపాడు. ఉంది. ఏనాడూ గొంతు పెంచని గుంటూరు సత్యనారాయణగారికి ఉంది. గేటు దగ్గర కునుకు తీసే వాచ్‌మన్‌కూ ఉంది. లేనివాళ్లూ ఉన్నారు. వాళ్ల మొహాలు చూస్తే నాకు ఇంకా మంట.

"గింతమందికి ఉంటదా సారూ? ఇగ ఒప్పుకో."

డాక్టరు పట్టీ తన చేతికే కట్టుకుని చూసుకున్నాడు. "నాకూ ఉంది. మిషన్ బాగానే ఉందయ్యా. దేశమంతా ఇంతే, ఎవరూ చూపించుకోరు, అంతే తేడా."

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తీసిన గోతిలో షాపు షాపంతా పడింది.

ఫోర్‌మన్ తల పట్టుకున్నాడు. "ఇందరిని ఆపితే ఫ్యాక్టరీ ఎవలు నడపాలె సారూ?"

డాక్టరు ఆలోచించి బీపీ ఉన్నవాళ్లందరికీ మాత్రలు రాసి, నా కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ చేత్తోనే క్యాంటీనుకు ఇంకో కాగితం రాశాడు. ఉప్పు తగ్గించాలి, ఊరగాయ ఉండకూడదు.

బల్ల మీది ఆవకాయ జాడీ సత్యనారాయణగారిది. ఆయన దాన్ని సంచిలో పెట్టుకుంటూ నా వైపు చూశాడు. "నీ పర్మనెంటు కోసం మా ఆవిడ పెట్టిన ఆవకాయ మీద పడ్డావేంటి నాయనా?"

నేను పర్మనెంటయ్యాను. ఆవకాయ డిస్మిసయింది.

ఆ మధ్యాహ్నమే చప్పిడి ముద్ద చేతిలో పట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను, బతికుండగా ఏ మిషన్నీ నలుగురి ముందు నిలదీయనని. ఇప్పటికీ తప్పలేదు. తిట్టాలనిపిస్తే తలుపేసుకుని తిడతాను.