నూనె ఆరేదాకా

ఆ రేవులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ మెరుపక్కే. తుప్పుపట్టిన కొక్కెం చేతికిచ్చినా సాయంత్రానికి అందులో ముఖం చూసుకునేలా చేసి ఇస్తుంది. పందొమ్మిదేళ్ళుగా షికారు పడవలు కడిగి, తుడిచి, మైనం పూసి ఓనర్లకు అప్పగిస్తోంది. వాళ్ళు ఎక్కి సముద్రం మీదికి పోతారు, ఒళ్ళంతా ఉప్పు పట్టించి మళ్ళీ తెచ్చి అప్పగిస్తారు. వాళ్ళు మురికి చేయడానికీ, తను కడగడానికీ పుట్టామని మెరుపక్క అంటుండేది. కోపంగా కాదు, ఉన్నమాట అన్నట్టు.

పనిలో ఎవరినీ వేలు పెట్టనివ్వదు. ముందు గొట్టంతో మంచినీళ్ళు కొట్టి ఉప్పు వదలగొట్టాలి. ఉప్పు పోకుండా గుడ్డ పెట్టి రుద్దితే గీతలు పడతాయి. అలా రుద్దేవాళ్ళను చూస్తే ఆమె ఒంటికాలి మీద లేస్తుంది. "ఇసుకతో ముఖం కడుక్కో, నీ అందం ఎలా ఉంటుందో చూద్దాం" అంటుంది. స్టీలు కమ్మీలకు పాలిష్ ముద్ద. బోల్టుల చుట్టూ పాత పళ్ళబ్రష్షు. పడవ తెల్లటి పక్కలకు మైనం, అదీ నీడలోనే, చెయ్యి అందినంత మేరే. ఎండలో పూస్తే అక్కడే పెచ్చుకట్టి కూర్చుంటుంది, ఇక తాతలు దిగొచ్చినా ఊడిరాదు. పూసినది మసకబారేదాకా ఆగి, అప్పుడు పాత బనీను గుడ్డతో గుండ్రంగా తుడవాలి.

మనుషులు నడిచే చెక్క మీద మాత్రం మైనం పనికిరాదు, జారి నడుం విరుగుతుంది. దానికి నూనె పూస్తారు. పూశాక మూడు గంటలు కాలు మోపకూడదు. మోపితే అడుగు అచ్చుపడుతుంది, మొత్తం గీకి మళ్ళీ మొదలుపెట్టాలి. అందుకే పడవ ముక్కు దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ వచ్చి, గట్టుమీదికి దిగేచోట ముగిస్తారు. కొత్తగా చేరినవాళ్ళలో ఎవరో ఒకరు దీన్ని తిరగేసి చేస్తారు. దిగే దారిని తామే నూనెతో మూసేసుకుని, ముక్కు దగ్గర బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు. ఆ పూటంతా రేవు పగలబడి నవ్వుతుంది. అందరికన్నా గట్టిగా నవ్వేది మెరుపక్కే.

ఇన్ని పడవలు మెరిపించిన మనిషి ఒక్కదానిలోనూ రేవు దాటలేదు. గేటు దగ్గర బోర్డు మీద రాసే ఉంది: శుభ్రం చేసేవాళ్ళు పడవ కదలకముందే దిగిపోవాలి. పందొమ్మిదేళ్ళూ ఆమె దిగిపోయింది. మొదట్లో ఆ ధ్యాసే లేదు. మొగుడు పోయాకే ఆ కోరిక పట్టుకుంది.

ఆయన సరుకు పడవలో కళాసీ. పదీపన్నెండు రోజులకోసారి ఇల్లు చేరేవాడు. వచ్చే రోజున ఆమె మేడ మీద పసుపురంగు దుప్పటి ఆరేసి, కూతుర్ని చంకనేసుకుని దాని పక్కన నిలబడేది. అక్కణ్ణించి ఆమెకు కనిపించేది ఐసు ఫ్యాక్టరీ గోడ, ఆ పక్కన జానెడు సముద్రం. ఆయన గుమ్మంలోకి రాగానే అనేవాడు: "రాళ్ళకట్ట దాటగానే నీ దుప్పటి కనిపించిందే. నువ్వూ కనిపించావు. ప్రాణం లేచొచ్చింది." ఎంత అలసటలో ఉన్నా ఆ మాట చెప్పకుండా చెప్పులు విడిచేవాడు కాదు. ఆ మాట కోసం ఆమె గంటల తరబడి ఎండలో మాడింది. నాలుగేళ్ళ కిందట ఆయన జ్వరంతో పోయాడు. సముద్రం ఏమీ చేయలేని మనిషిని మంచం తీసుకుపోయింది.

అప్పటినుంచి ఆమెకు ఒకటే ఆశ. రేవు ముందు అలలను ఆపే ఆ రాళ్ళకట్ట దాటి, ఆయన చూసినచోటినుంచి తన మేడను ఒక్కసారి చూడాలి. ఆయన కళ్ళకు తను ఎంత కనిపించేదో, గోరంతో గింజంతో, తెలుసుకోవాలి. మనిషి ఎలాగూ తిరిగి రాడు, కనీసం ఆయన చూసింది తనూ చూస్తే ఆయన పక్కన నిలబడినట్టు ఉంటుందేమోనని. ఇంతలో అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు మేడ పడగొట్టి కొత్తది కడతామన్నారు. నెలాఖరుకు ఖాళీ చేయాలి. చూడాలంటే ఇక పదకొండు రోజులే.

పడవ నడిపే సరంగును అడిగింది. లావుగా, నిదానంగా ఉండే ఆ మనిషి మంచివాడే, కానీ బోర్డంటే భయం.

"తమ్ముడూ, ఒక్కసారి రాళ్ళకట్ట దాకా తీసుకెళ్ళి తీసుకురా."

"అమ్మో, రూలక్కా. నా ఉద్యోగం ఊడుతుంది."

"ముందువైపు మూలన కూర్చుంటాను. మూటలాగా."

"మూట నీళ్ళలో పడితే ఇంకోటి కొనుక్కోవచ్చు. నిన్నెక్కడ కొనేది?"

మూడుసార్లు అడిగింది. మూడోసారీ ససేమిరా అన్నాక ఇక అడగలేదు. అడగడం మానేసిన మెరుపక్కను చూసి అతను భయపడాల్సింది. పాపం, ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ వారంలోనే ఓ పడవకు ఇంజను బాగుచేయించారు. మర్నాడే ఓనరు వస్తాడు. ఆలోగా దాన్ని రాళ్ళకట్ట దాటించి నడిపి చూడమని మెకానిక్ చెప్పి పోయాడు. మధ్యాహ్నం మూడింటికి అనుకున్నారు. చెక్కకు నూనె కూడా ఆ రోజే పూయాలి. మెరుపక్క పొద్దున్నే, ఇంట్లో కుట్టుమిషను మీద కూర్చున్న కూతురితో, "మూడింటికి మేడ మీద పసుపు దుప్పటి ఆరేసి పక్కన నిలబడు. ఎందుకని అడక్కు" అని చెప్పి బయల్దేరింది.

ఆ పడవను వెనకవైపు గట్టుకు ఆనించి, ముక్కు నీళ్ళవైపు ఉండేలా, ముందున్న గుంజకు తాడేసి కట్టారు. సరంగు గది వెనకవైపే ఉంది, గట్టుమీంచి నేరుగా అందులోకి అడుగు పెట్టొచ్చు. మూడింటికి సరంగు అడుగు పెట్టి, అద్దంలోంచి చూసి నోరు వెళ్ళబెట్టాడు. తన గది నుంచి ముక్కుదాకా చెక్కంతా తడిగా, తేనెరంగులో నిగనిగలాడుతోంది. ఆ చివర, మోకాళ్ళు ముడుచుకుని, నూనెడబ్బా పక్కన పెట్టుకుని మెరుపక్క.

"అక్కా! నువ్వేనా ఇలా చేసింది?"

"వయసు మీదపడింది తమ్ముడూ. ఎటునుంచి మొదలుపెట్టానో చూసుకోలేదు."

"ఎప్పుడారుతుంది?"

"ఆరింటికి."

"ఆరింటికి పొద్దు పోతుంది. ఇంజను ఎప్పుడు చూసేది?"

"నడిచి వచ్చెయ్యమంటే వచ్చేస్తాను. రేపు ఓనరుగారు ఈ అడుగులెవరివని అడిగితే నువ్వే చెప్పు."

సరంగు చెక్క వైపు చూశాడు, గేటు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆమె ఒంటిమీద ఇస్త్రీ బట్టలున్నాయి. నూనె పనికి ఎవరూ ఇస్త్రీ బట్టలతో రారు. అతనికి విషయం బోధపడింది.

"కమ్మీ గట్టిగా పట్టుకు కూర్చో," అన్నాడు చివరికి. "ముక్కు దగ్గరి తాడు నువ్వే విప్పు. నన్ను అటు రానివ్వకుండా చేశావు కదా."

పడవ కదిలింది. ఆమె తను తోమిన కమ్మీనే రెండు చేతులా పట్టుకుంది. గోదాములు వెనక్కి జరిగాయి, కాళ్ళకింద నీళ్ళు ఎత్తెత్తి వేశాయి. ఆయన ప్రతిసారీ ఇలాగే వచ్చేవాడు కదా అనుకుంది. రాళ్ళకట్ట దాటాక సరంగు ఇంజను తగ్గించి పడవను అడ్డంగా తిప్పాడు. ఊరంతా ఒక్కసారిగా ఎదురొచ్చింది.

క్రేన్లు కనిపించాయి. గడియారం మేడ కనిపించింది. ఐసు ఫ్యాక్టరీ కనిపించింది. దాని వెనక తమ వీధి ఉండాలి. ఒక్క మేడ అంచైనా లేదు.

"తమ్ముడూ, ఇంకొంచెం బయటికి పోనీ!" అని అరిచింది.

పోనిచ్చాడు. గోడే.

"ఎడమకి పోనీ!"

"అటన్నీ రాళ్ళక్కా, ఏ పడవా పోదు. ఏం వెతుకుతున్నావు?"

"మా మేడ."

"ఫ్యాక్టరీ వెనక వీధే కదా మీది? ఇక్కణ్ణించి ఎలా కనిపిస్తుంది?"

"ఫ్యాక్టరీని ఈమధ్య పెంచారా?"

"పెంచేదేముంది! మా నాన్న అందులో ఐసు మోశాడు. నేను పుట్టకముందు నుంచీ అంతే ఎత్తు."

మెరుపక్కకు ఓ పాత సంగతి గుర్తొచ్చింది. ఒకసారి జోరువానకు దుప్పటి వేయనేలేదు. ఆ రోజు కూడా ఆయన దుప్పటి కనిపించిందనే అన్నాడు. అలవాటులో నోరు జారిందిలే అని ఆమె లోపల్లోపల నవ్వుకుని ఊరుకుంది. ఇరవై ఏళ్ళు! ఇరవై ఏళ్ళు తను గోడకు చేతులూపింది. ఒళ్ళు మండిపోయింది. నాలుగు దులిపేయాలనిపించింది. దులపడానికి మనిషేడీ? ఇవాళ ఆయన గుమ్మంలోకి వస్తే, తను నిలదీస్తే, దొరికిపోయి తల గోక్కుంటే, అది చూడ్డానికి ఆమె మిగిలిన ఆయుష్షంతా ఇచ్చేసేది. ప్రతిసారీ ఇక్కడికొచ్చి ఆయనా ఈ గోడనే చూసి ఉంటాడు. దాని వెనక ఆమె నిలబడి ఉందని తెలిసి, చూసి ఉంటాడు. మెరుపక్క ఏడ్చింది. ఇంజను చప్పుడులో వినపడదు గనుక మనసుతీరా ఏడ్చింది. సరంగు అటు తిరిగి, ఇంజను ఇంకా చూడాలన్నట్టు మరో రెండు చుట్లు తిప్పాడు.

నూనె ఆరాక దిగి ఇల్లు చేరేసరికి కూతురు గుమ్మంలోనే ఉంది. ముఖం ఎండకు కందిపోయింది. రెండున్నరకు మిషను ఆపి మేడ ఎక్కి, నాలుగున్నర దాకా దిగలేదట.

"కనిపించానా అమ్మా?"

నిజమే చెబుదామని మెరుపక్క నోరు తెరిచింది. కూతురు ఊపిరి బిగబట్టి ఆమె నోటివైపే చూస్తోంది. ఇన్నేళ్ళూ ఇదే గుమ్మంలో తనూ ఆయన నోటివైపు ఇలాగే చూసి ఉంటుంది.

"రాళ్ళకట్ట దాటగానే కనిపించావే," అంది మెరుపక్క. "చెయ్యి ఊపావు కదూ?"

"రెండు చేతులూ ఊపాను!"

"చూశాను," అంది. "రెండూ చూశాను."